నిన్నటి పిట్ట కాదు

రామచంద్రపురం బజారు వీధిలో స్టీలు సామాన్ల కొట్టు నడిపే కన్యకాపరమేశ్వరిని ఊళ్ళో అందరూ కన్యకమ్మ గారంటారు. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది భర్త గున్నేశ్వరరావే అయినా, సరుకు మాత్రం ఆవిడ చేతుల మీదుగా పోవలసిందే. బిందె అమ్మేముందు తిరగేసి, అడుగున వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది. కంపెనీవాళ్ళు సీలు వేసి పంపిన కుక్కర్లో కూడా నీళ్ళు పోసి చూసేది. కొనేవాళ్ళు నవ్వితే, "సీలు వేసినవాడూ మనిషేగా అండీ" అనేది.

ఇంట్లోనూ అదే పద్ధతి. పాలవాడు గుమ్మం దాటేలోగా పాలచుక్క గోటి మీద వేసుకుని, జారుతుందో నిలుస్తుందో చూసేది. మందుల అట్ట మీద తేదీ భూతద్దం పెట్టి చదివేది. పెళ్ళి భోజనాల్లో అందరూ లడ్డూ కొరుకుతుంటే ఆవిడ విరిచి లోపల చూసేది. ఆవిడకి గర్వమని గాని, కోపమని గాని ఎవరూ అనలేదు. "ఆవిడకి అనుమానం అండీ" అనేవారు, బీపీ ఉందన్నట్టు, షుగరు ఉందన్నట్టు.

దానికో మొదలుంది. ఆవిడ పుట్టిల్లు సామర్లకోట. తొమ్మిదేళ్ళప్పుడు తల్లితో కలిసి అన్నవరం వెళ్ళడానికి ప్యాసింజరు బండి ఎక్కింది. పెట్టెలో ఒకావిడ తల్లిని "అక్కా" అని వరస కలిపి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బత్తాయి తొనలు వలిచి నోట్లో పెట్టింది. పిల్ల ఆ ఒళ్ళోనే నిద్రపోయింది. ఆవిడ పిఠాపురంలో దిగిపోయింది. అన్నవరంలో తల్లి లేపి చూసేసరికి పిల్ల చెవులకు దుద్దులు లేవు. దుద్దులు పోయినందుకు తల్లి ఏడ్చింది. అంత హాయిగా ఎలా నిద్రపోయానా అని పిల్ల ఏడ్చింది. యాభై ఆరేళ్ళు వచ్చినా, ఎవరైనా కొత్తవాళ్ళు వరస కలిపి పిలిస్తే కన్యకమ్మ చెయ్యి తనకు తెలియకుండానే చెవి మీదికి వెళ్ళేది.

రెండేళ్ళ కిందట, ఉగాది వెళ్ళిన రెండు వారాలకు, గున్నేశ్వరరావు తెల్లవారుజామునే లేవడం మొదలుపెట్టాడు.

ఆయన ఏడు దాటితే గాని మంచం దిగని మనిషి. మెత్తని మనిషి, మాట తక్కువ. అలాంటివాడు ఐదున్నరకు లేచి, తలుపు గడియ చప్పుడు కాకుండా తీసి, దొడ్లోకి వెళ్ళి, తలుపు మళ్ళీ దగ్గరగా వేసేవాడు. గంట తర్వాత వచ్చేవాడు.

"పొద్దున్నే ఎక్కడికండీ?" అని అడిగింది మూడో రోజు.

"నడుస్తున్నాను. దొడ్లోనే, అటూ ఇటూ."

అటూ ఇటూ నడిచే మనిషి చెప్పులు గుమ్మంలో వదిలి వెళతాడా? కన్యకమ్మ చెవులు రిక్కించి వింది. దొడ్లో అడుగుల చప్పుడు లేదు. ఆయన తిరిగి వచ్చినప్పుడు మొహంలో ఏదో వెలుగు. పంచదార లేని కాఫీ తాగి, "ఇవాళ కాఫీ చాలా బాగుంది" అన్నాడు. ముప్ఫైనాలుగేళ్ళ కాపురంలో ఆ మాట ఆవిడ మొదటిసారి వింది.

మర్నాడు దొడ్డి ఊడ్చే పనిమనిషిని పిలిచింది.

"పనస చెట్టు కింద ఆకులు అంతెత్తు పడున్నాయి. ఊడవడం మానేశావా?"

"అయ్యగారు ఊడవొద్దన్నారండి. వారమైందండి."

"ఎందుకన్నారు?"

"నాకేం తెలుసండి? ఆకు కదపొద్దన్నారు, అంతేనండి."

పనిమనిషి వెళ్ళాక కన్యకమ్మ దొడ్డి తలుపు వేసుకుని, కర్ర పుచ్చుకుని పనస చెట్టు కింద ఆకులన్నీ కెలికింది. వానపాములు, నత్తలు, ఒక సీసా మూత. నేల ఎక్కడా తవ్వినట్టు లేదు. తను కెలికినట్టు తెలియకుండా ఆకుల్ని మళ్ళీ ఎప్పటిలా కప్పింది.

ఆ మధ్యాహ్నం ఆయన కొట్లో భోజనం చేసి కునుకు తీస్తుంటే ఫోను తీసి చూసింది. అందులో "పోస్టు సూర్యకళ" అని ఒక పేరుంది.

"ఇవాళ ఇంకా రాలేదు బాబాయిగారూ. మీ వైపు?"

"వచ్చింది. చప్పుడు చెయ్యకు."

"పిన్నిగారు లేస్తారేమోనని భయపడ్డానండి."

"లేవలేదు. రేపు ఐదూ నలభైకి."

కన్యకమ్మ ఆ నాలుగు ముక్కలూ నాలుగుసార్లు చదివింది.

సూర్యకళ అంటే దొడ్డి గోడ అవతల ఇంట్లో అద్దెకుంటున్న మనిషి. మొగల్తూరు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదిన్నర అయింది. పోస్టాఫీసులో ఉద్యోగం, నలభై ఏళ్ళుంటాయి, పెళ్ళి చేసుకోలేదు. ఇంట్లో ముసలి తల్లి, ఒక బూడిదరంగు పిల్లి. వచ్చిన మొదటి వారమే డబ్బాలో కొబ్బరి ఉండలు పట్టుకొచ్చి, "తీసుకోండి పిన్నిగారూ" అంది. ఆ పిలుపు వినగానే కన్యకమ్మ కొబ్బరి ఉండలు తీసుకుంది గాని, కుర్చీ చూపించలేదు. వరస కలిపే వాళ్ళ సంగతి ఆవిడకి తెలుసు. పిన్నిగారూ బాబాయిగారూ అన్నంత మాత్రాన ఏదీ కడిగిన ముత్యమైపోదు.

సాయంత్రం రాజమండ్రిలో ఉన్న కూతురు శ్రీదివ్యకు ఫోను చేసింది.

"మీ నాన్న ఈ మధ్య నీతో ఏమైనా చెప్పారా?"

"ఏ విషయమమ్మా?"

"ఏ విషయమో తెలిస్తే నేనెందుకు అడుగుతాను?" అని పెట్టేసింది.

భర్తను మాత్రం ఏమీ అడగలేదు. అడిగితే అబద్ధం తయారు చేసుకునే వ్యవధి ఇచ్చినట్టవుతుందని ఆవిడ నమ్మకం. చూడాలి. చూసి పట్టుకోవాలి.

చూడటానికి ఇంట్లో ఒక చోటుంది. కిందటి కార్తీకంలో మేడ వేసినప్పుడు మెట్ల మలుపులో పెద్ద కిటికీ పెట్టించింది. మామూలు గాజు చాలని గున్నేశ్వరరావు ఎంత చెప్పినా వినకుండా, కాకినాడ నుంచి అద్దం లాంటి గాజు తెప్పించింది. లోపల నిలబడితే దొడ్డంతా కనిపిస్తుంది. బయటి నుంచి చూసేవాళ్ళకు గాజులో పనస చెట్టూ, ఆకాశమూ తప్ప ఇంకేమీ కనిపించవు.

మర్నాడు ఐదూ ముప్పావుకు ఆవిడ ఆ కిటికీ వెనక నిలబడింది.

గున్నేశ్వరరావు అరటి చెట్ల చాటున ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. గోడ అవతల సూర్యకళ తల కనిపించింది. వాళ్ళు మాట్లాడుకోలేదు. ఒకరినొకరు చూసుకోలేదు కూడా. ఇద్దరూ పనస చెట్టు కింద నేలకేసి చూస్తున్నారు. పావుగంట గడిచింది. ఒక్కసారి సూర్యకళ చెయ్యి ఎత్తి వేలు చూపించింది. గున్నేశ్వరరావు తలూపాడు. ఆయన నవ్వుతున్నాడు. కన్యకమ్మ కళ్ళు చికిలించి చూసింది. ఎండుటాకు ఒకటి పైకి లేచి పక్కకు పడింది, అంతే.

ఏదో దాచారు, అనుకుంది. దాచినదాన్ని కాపలా కాస్తున్నారు.

ఆ మర్నాడు ఇక ఆగలేకపోయింది. దొడ్డి తలుపు ధడాలున తీసింది.

"ఏంటండీ ఇది?"

"ష్!" అన్నారు ఇద్దరూ ఒకేసారి. గున్నేశ్వరరావు ఆవిడను "ష్" అనడం అదే మొదలు.

ఆకుల మధ్య నుంచి ఏదో పచ్చగా, నీలంగా మెరిసి గోడ దాటిపోయింది.

"ఎగిరిపోయింది," అన్నాడు ఆయన దిగాలుగా.

"ఏంటి ఎగిరిపోయింది?"

"పిట్ట."

"నేను రాగానే ఎగిరిపోయే పిట్టా?"

గోడ అవతల నుంచి సూర్యకళ తగ్గు గొంతుతో అంది: "నిజమేనండి పిన్నిగారూ. పొన్నంకి పిట్టండి అది. చలికాలమంతా దక్షిణాన, శ్రీలంక దాకా ఉంటాయండి. ఎండలు ముదిరేవేళకి ఉత్తరాది అడవులకి పోతూ పోతూ మన దొడ్లలో దిగుతాయండి. ఆకులు ఉన్నచోటే దిగుతాయి. పురుగుల కోసం."

"ఎవరు చూశారు?"

"ఏంటండి?"

"శ్రీలంక నించి వచ్చిందని. దాని వెంట ఎవరెళ్ళారు?"

కన్యకమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

కాఫీ ఇస్తూ భర్తను అడిగింది. "నాతో ఎందుకు చెప్పలేదు?"

ఆయన గ్లాసును చేతుల్లో కాసేపు తిప్పాడు. కిందటేడు పోస్టాఫీసు మెట్ల దగ్గర ఒక పిట్ట సొమ్మసిల్లి పడి ఉంటే, సూర్యకళ దాన్ని అట్టపెట్టెలో పెట్టి నీళ్ళు పట్టిందట. కవరు రిజిస్టరు చేయించడానికి వెళ్ళిన ఆయన చూశాడు. సాయంత్రానికి తేరుకుని ఎగిరిపోయిందట. వారం తర్వాత అలాంటిదే దొడ్లో కనిపించిందట.

"అదంతా సరే. నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు అడుగుతావు పరమేశ్వరీ. ఎక్కడిది, ఎందుకొచ్చింది, దానివల్ల మనకేంటి అని. నా దగ్గర జవాబుల్లేవు. అది ఆకు తిరగేస్తుంటే చూడ్డం బాగుంటుంది. అంతే. ఆ 'అంతే'ని నీకెలా చెప్పను?"

ఆవిడ చాలా జవాబులకు సిద్ధపడి ఉంది. ఈ జవాబుకు సిద్ధపడలేదు. దీంట్లో ఎక్కడ మెలిక ఉందా అని రోజంతా వెతికింది. పిట్ట నిజమే కావచ్చు. పిట్ట పేరు చెప్పి ఇంకేదో నడుస్తూ ఉండవచ్చు. శ్రీదివ్యకు ఫోను చేసి పొన్నంకి పిట్ట అనేది ఉందేమో చూడమంది. "ఉందమ్మా, ఫోటో కూడా పంపించాను, చూడు" అంది కూతురు. "ఫోన్లో ఉన్నవన్నీ నిజాలేంటి?" అంది కన్యకమ్మ. కాని ఫోటో చూసింది.

మర్నాడు తనే ఒక ప్లాస్టిక్ స్టూలు తెచ్చుకుని భర్త పక్కన వేసుకుంది. పిట్టను చూడటానికి కాదు. వాళ్ళిద్దరినీ చూడటానికి.

ఆరు కావస్తుండగా గోడ మీద నుంచి రెండు ముక్కల ఈల వినిపించింది. తర్వాత అది దిగింది. గుప్పిట్లో పట్టేంత పిట్ట. తోక ఉందా లేదా అన్నంత పొట్టి. వీపు చిలకపచ్చ, రెక్క మడత దగ్గర మెరిసే నీలం, పొట్ట లేత గోధుమరంగు, తోక కింద కుంకుమ పోసినట్టు ఎరుపు. కళ్ళకు అడ్డంగా కాటుక పట్టీ. పొడవాటి కాళ్ళతో రెండు గెంతులు గెంతి, ఆగి, ముక్కుతో ఆకును పక్కకు గిరాటేసి, తల వంచి కింద ఏముందో చూసింది. ఇంకో ఆకు తిరగేసింది. అక్కడా చూసింది.

కన్యకమ్మ స్టూలు మీద ముందుకు వంగింది. అది ఏ ఆకునూ నమ్మడం లేదు.

"తొమ్మిది రంగులుంటాయంటారండి," అంది సూర్యకళ, అది వెళ్ళిపోయాక.

"నాకు ఏడే కనిపించాయి," అంది కన్యకమ్మ.

మూడో రోజు, పిట్ట దిగి నాలుగు గెంతులు వేసిందో లేదో, ఆవిడ గొంతు తగ్గించి అంది: "ఇది నిన్నటిది కాదు."

గున్నేశ్వరరావు నవ్వాడు. "పిట్టను కూడానా!"

"నిన్నటిదానికి ఎడమకాలి వెనక గోరు లేదు. దీనికుంది. మొన్నటిదానికి ముక్కు కొసన చిన్న పగులు. ఇవి మూడు పిట్టలు. ఒకటి కాదు."

"గోరు మొలిచిందేమో."

"రాత్రికి రాత్రేనా?"

సూర్యకళ ఫోను తీసి మూడు రోజుల ఫోటోలూ పెద్దవి చేసి చూసింది. తర్వాత గోడ మీదుగా ఫోను గున్నేశ్వరరావు చేతికిచ్చింది.

"కిందటేడు కనిపించిన పిట్టే మళ్ళీ వచ్చి రోజూ దిగుతోందనుకున్నామండి మేము. కాదండి. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. రాత్రిళ్ళు ఎగిరి, తెల్లారి దిగుతున్నాయి. పిన్నిగారూ, మీ కళ్ళకి దణ్ణం పెట్టాలండి."

కొట్లో వాపసు తెచ్చిన గిన్నెను చూసి, ఇది మా కొట్టుదా కాదా అని చెప్పడం ఆవిడకు ఎప్పుడూ ఉన్నదే. దాన్ని ఒకరు మెచ్చుకోవడం మాత్రం ఎన్నడూ లేదు. లోపల ఎక్కడో చల్లగా అనిపించింది. ఆ వెంటనే, ఈ పొగడ్త వెనక ఏముందో అనిపించింది.

అయినా రోజూ వెళ్ళింది. వారం తిరిగేసరికి ఐదు పిట్టల్ని గుర్తుపట్టింది. ఇద్దరూ ఆవిడ మాట కోసం చూడటం మొదలుపెట్టారు. "నిన్నటిదేనా అండీ?" అని సూర్యకళ అడిగేది. "కాదు" అనో, "అదే, ఇవాళ ఇంకా ఇక్కడే ఉంది, దానికి ఒంట్లో బాగులేదు" అనో చెప్పేది. మధ్యలో ఉన్నట్టుండి సూర్యకళను ఏదో అడిగేది: మొగల్తూరులో మీ ఇల్లు ఏ వైపు, మీ నాన్నగారు ఏం చేసేవారు, బదిలీ మీరే అడిగారా వాళ్ళే వేశారా. సూర్యకళ అన్నిటికీ జవాబు చెప్పేది. ఆ జవాబుల్ని కన్యకమ్మ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకునేది, ఎక్కడైనా పొసగలేదేమోనని.

ఒక ఆదివారం పొద్దున మెట్ల గది గోడ కింద గోరు లేని పిట్ట పడి ఉంది. మెడ పక్కకు వాలింది. రెక్కల నీలం మాత్రం ఎప్పటిలాగే మెరుస్తోంది.

గున్నేశ్వరరావు దాన్ని చేతిలోకి తీసుకుని అలాగే నిలబడిపోయాడు. కన్యకమ్మ గోడ దగ్గరికి వెళ్ళింది.

"సూర్యకళ గారూ, మీ పిల్లి రాత్రి ఎక్కడుంది?"

సూర్యకళ మొహం పాలిపోయింది. "ఇంట్లోనేనండి. తెల్లవారి వదిలాను."

"తెల్లవారి వదిలారు. పిట్ట దిగేదీ తెల్లవారే. పక్షుల మీద అంత ప్రేమున్న మనిషి పిల్లిని పెంచుతుందేంటండీ? నాకు మొదట్నించీ అదే అర్థం కాలేదు."

"పరమేశ్వరీ," అన్నాడు గున్నేశ్వరరావు.

"నేను అడగాల్సింది అడిగాను."

సూర్యకళ గోడ దగ్గర నుంచి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి పిల్లిని గదిలో పెట్టి తలుపు వేసింది. అది రోజంతా అరిచేది. గోడ మీద సూర్యకళ తల కనిపించడం మానేసింది. గున్నేశ్వరరావు ఒక్కడే పీట మీద కూర్చునేవాడు. భార్యతో మాట్లాడేవాడు గాని, కాఫీ ఎలా ఉందో చెప్పేవాడు కాదు.

నాలుగు రోజుల తర్వాత అదే చోట ఇంకో పిట్ట చచ్చి పడి ఉంది. ఈసారి ముందుగా చూసింది కన్యకమ్మే. ఆయన ఇంకా లేవలేదు. గోడ అవతల గదిలో పిల్లి అరుస్తూనే ఉంది.

కన్యకమ్మ కింద కూర్చుని పిట్టను తిరగేసింది. ఒంటి మీద పంటి గాటు లేదు. ఈక రాలలేదు. నెత్తురు చుక్క లేదు, ముక్కు దగ్గర తప్ప. పిల్లి పట్టిన ఎలుకలను ఆవిడ చాలా చూసింది. ఇది పిల్లి పని కాదు. మరి ఎవరు? రాయి విసిరారా? దగ్గరలో రాయి లేదు. మందు తిన్నదా? మందు తిన్నది ఇలా మెడ విరిగి పడదు. మరి సరిగ్గా ఈ గోడ కిందే ఎందుకు పడుతున్నాయి?

తల పైకెత్తింది.

నెత్తి మీద మెట్ల మలుపు కిటికీ. గాజులో పనస చెట్టు, దాని వెనక ఎర్రబడుతున్న ఆకాశం. చెట్టు ఎంత నిజంగా ఉందంటే, గాలికి ఆకు కదిలితే గాజులోనూ కదిలింది. ఆ ఆకుల మధ్య గాజు మీద దుమ్ములో ఒక ముద్ర ఉంది. చాచిన రెండు రెక్కలు, మధ్య రొమ్ము. పక్కనే కాస్త కిందుగా, పాతబడి మసకేసిన ఇంకో ముద్ర.

ఆవిడ చాలాసేపు అక్కడే కూర్చుంది. తర్వాత పిట్టను అరటి మొదట్లో పూడ్చి, మట్టి సమంగా సర్ది, చేతులు కడుక్కుని లోపలికి వెళ్ళింది. భర్తతో ఏమీ చెప్పలేదు.

ఆ రోజు కొట్లో ఎవరో టిఫిను క్యారియరు అడిగితే తీసి ఇచ్చేసింది. మూత పెట్టి చూడలేదు. గున్నేశ్వరరావు ఆశ్చర్యంగా చూశాడు. నిచ్చెనెక్కి గాజు తుడిచేస్తే ముద్రలు పోతాయి. పిల్లి మీద వేసిన నింద పిల్లి మీదే ఉంటుంది. ఎవరికీ తెలియదు. ఆవిడ ఊళ్ళో అందరినీ అనుమానించింది గాని, తను ఇలా ఆలోచించగలనని ఎప్పుడూ అనుకోలేదు. ఆ ఆలోచన వచ్చిన మనిషిని చూసి ఆవిడకే భయం వేసింది.

సాయంత్రం పోస్టాఫీసు మూసే వేళకు వెనక వీధిలోకి వెళ్ళి సూర్యకళ తలుపు తట్టింది. ఆ ఇంటి గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. సూర్యకళ తలుపు తీసింది. లోపలికి రమ్మనలేదు.

"మీ పిల్లి కాదు," అంది కన్యకమ్మ. "నా గాజు. ఇవాళ ఇంకోటి చచ్చిపోయింది. దొడ్లోంచి చూస్తే మా మెట్ల కిటికీలో చెట్టు కనిపిస్తుంది. చెట్టనుకుని వెళ్ళి కొట్టుకుంటున్నాయి."

సూర్యకళ గడప పట్టుకుని నిలబడింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి పిట్ట కోసమో, పిల్లి కోసమో.

"పిల్లిని అన్నందుకు కాదండి నాకు బాధ. పిల్లి పేరు చెప్పి నన్నే అన్నారు. ఈ ఇంటికొచ్చిన మొదటి వారం నుంచీ నన్నే అంటున్నారు."

"అవును," అంది కన్యకమ్మ. "మిమ్మల్నే అన్నాను."

ఆ మాట సూర్యకళ ఊహించలేదు.

"ఇప్పుడైనా నమ్ముతున్నారా పిన్నిగారూ?"

కన్యకమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పాలనిపించలేదు.

"కొంచెం," అంది.

ఇంటికి వెళ్ళి గున్నేశ్వరరావుకు అంతా చెప్పింది, పొద్దుట నుంచి దాచిన సంగతితో సహా. ఆయన లేచి నిచ్చెన తెచ్చాడు. చీకటి పడేలోగా ఆవిడ నిచ్చెనెక్కి, బయటి వైపు నుంచి గాజు మొత్తానికి చిక్కగా సున్నం పూసింది. ఆయన కింద నిచ్చెన పట్టుకుని నిలబడ్డాడు. సున్నం చుక్కలు ఆయన బట్టతల మీద పడ్డాయి.

"ఇక మెట్ల మీంచి దొడ్డి కనపడదు మరి నీకు," అన్నాడు.

"దొడ్లోకి వెళ్తే కనపడుతుందిగా."

ఆ ఏడాది ఆ తర్వాత పిట్ట ఏదీ చావలేదు. వానలు పట్టకముందే ఆ గాజు తీయించి, గరుకు గాజు వేయించారు.

సూర్యకళ వెంటనే ఏమీ రాలేదు. పిల్లిని మాత్రం వదిలింది, అది కూడా ఎండ బాగా ఎక్కాకే. ఆరు రోజుల తర్వాత, మే మొదటి వారంలో, గోడ మీద తల కనిపించింది. గున్నేశ్వరరావు మొహం విచ్చుకుంది. కన్యకమ్మ తల తిప్పకుండానే, "ఐదు నిమిషాలైంది దిగి. కొత్తది. కుడి కన్ను పైన కాటుక పట్టీ తెగింది, చూడండి" అంది. సూర్యకళ చూసింది. "అవునండి" అంది. ఆ సంవత్సరానికి అదే ఆఖరి పిట్ట.

కిందటేడు ఆవిడ లెక్క ప్రకారం దొడ్లో దిగినవి తొమ్మిది. ఈ ఏడు పదకొండు. గున్నేశ్వరరావు ఎనిమిదే అంటాడు. సూర్యకళ ఫోటోల్లో తొమ్మిది వరకు తేలాయి. మిగతా రెండూ వెలుగు చాలనప్పుడు వచ్చాయి కాబట్టి ఫోటోలు లేవు. "ఫోటో లేకపోతే పిట్ట రానట్టా?" అని కన్యకమ్మ కొట్లాడుతుంది. పిట్టలు హిమాలయాల దాకా పోతాయన్న మాట మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. దారిలో ఎక్కడో ఆగిపోతాయని ఆవిడ అనుమానం. సూర్యకళ ఏదో పుస్తకం తెచ్చి చూపిస్తే, ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో చూసి, తిరిగి ఇచ్చేసింది.

ఆదివారాలు సూర్యకళ కాఫీకి వస్తుంది. కన్యకమ్మ కుర్చీ వేస్తుంది, జంతికలు పెడుతుంది, తల్లి ఆరోగ్యం అడుగుతుంది. గేటు చప్పుడు కాగానే బీరువా తాళం చెవి తీసి బొడ్లో దోపుకోవడం మాత్రం మానలేదు. సూర్యకళకు ఆ సంగతి తెలుసు. కాఫీ తాగి, గ్లాసు కడిగి గట్టు మీద బోర్లించి, "వస్తానండి పిన్నిగారూ" అని వెళుతుంది.